కాలిపోయిన ఇనుప గేటు

ఆ మధ్యాహ్నం డిటెక్టివ్ ఆఫీసులో ఇద్దరే ఉన్నారు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాయన డిటెక్టివ్. మెట్లవైపు చూస్తూ కూర్చున్నది ఆయన మేనకోడలు. అసిస్టెంటు, గుమాస్తా, కారు డ్రైవరు అన్నీ ఆ అమ్మాయే.

ఊళ్ళో ఆయన్ని నిద్రమొహం డిటెక్టివ్ అనేవారు. ఎదుటివాళ్ళు కొంప మునిగిందని మొరపెట్టుకుంటుంటే ఈయన ఆవులించేవాడు. కావాలని చేసే పని కాదు. ఏళ్ళ తరబడి జనం అబద్ధాలు విన్న మనిషికి అలసట ఎముకల్లోకి దిగిపోతుంది కాబోలు. మేనకోడలికి మాత్రం మావయ్య ఆవులింతలో కూడా ఏదో పరమార్థం కనిపించేది. నిక్షేపంలాంటి బ్యాంకు ఉద్యోగం వదిలేసి ఆమె ఇక్కడ చేరింది ఒకే ఒక్క ఘట్టం కోసం. కేసు చివర అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరు చేశారో ఎలా చేశారో ఆయన విడమరిచి చెబుతాడే, ఆ ఘట్టం. అప్పుడు ఆయనకి నిద్ర రాదు, వినేవాళ్ళకి ఊపిరాడదు. తలుపు దగ్గర నిలబడి అది చూడటానికి ఆమె ఎన్ని చాకిరీలైనా చేసేది.

మెట్లెక్కి వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. రొప్పుతూనే కుర్చీ లాక్కుని కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. మేనకోడలు ఆమెను చూడగానే గుర్తుపట్టింది. ఆ ఊళ్ళో నాటకం చూసే అలవాటున్న ఎవరైనా గుర్తుపడతారు. కోట తలుపు నాటకంలో తల్లి అంటే ఆమె ఒక్కతే. నాటక సమాజంలో అందరూ ఆమెను పెద్దమ్మ అంటారు.

“నేను నిప్పు పెట్టలేదు బాబూ,” అంది పెద్దమ్మ. “కానీ నేనే పెట్టానని సినిమావాళ్ళు తేల్చేశారు. రేపటికల్లా ఒప్పుకుంటే సినిమాలోంచి తీసేసి ఊరుకుంటారట. ఒప్పుకోకపోతే పోలీసులకి అప్పగిస్తారట.”

డిటెక్టివ్ కళ్ళు తెరవకుండానే మొదట్నుంచి చెప్పమన్నాడు.

కోట తలుపు పాత విషాద నాటకం. యుద్ధం జరుగుతుంటుంది. అన్న కోటకి కాపలాదారు. తమ్ముడు బయటికి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. శత్రువులు దగ్గరకొచ్చేశారు. అన్న గుండె రాయి చేసుకుని తలుపు మూయిస్తాడు. తమ్ముడు తలుపు బయట చచ్చిపోతాడు. ఇదేదీ వేదిక మీద కనిపించదు. వార్తాహరుడు వచ్చి తల్లికి చెబుతాడు, ఆమె వింటుంది, అంతే నాటకం. ఆ వినడంతోనే పెద్దమ్మ జీవితమంతా జనాన్ని ఏడిపించింది.

ఇప్పుడొక కుర్ర దర్శకుడు దాన్ని నేటి యుద్ధంగా మార్చి సినిమా తీస్తున్నాడు. కోట కాస్తా సైనికుల పోస్టు అయింది. కత్తులు పోయి తుపాకులు వచ్చాయి. వార్తాహరుడి ఉద్యోగం వైర్‌లెస్ సెట్టు ఊడబెరికింది. అంతవరకు పెద్దమ్మకి అభ్యంతరం లేదు. గొడవంతా ఆఖరి సీను దగ్గర వచ్చింది. సినిమాలో తల్లి స్వయంగా ఆ పోస్టు దగ్గరికి వస్తుంది. గేటు బయటివైపు, తెరవమని కొట్టి కొట్టి కొడుకు వదిలిన నెత్తుటి చేతిముద్రలు చూస్తుంది. కింద కొడుకు శవం ఉంటుంది. అది చూపించొద్దని పెద్దమ్మ అంది. చెబితే వినేవాళ్ళు ఎవరి బిడ్డని వాళ్ళు తలుచుకుంటారు, చూపిస్తే మన కుర్రాణ్ణి చూసి ఊరుకుంటారు అని ఆమె వాదన. మాటా మాటా పెరిగి, అందరిముందూ “తగలబెట్టండి ఆ గేటుని” అనేసింది. ఆ మర్నాడే, అంతా భోజనాలు చేస్తుండగా, గేటు తగలబడిపోయింది.

“నోరు జారాను. అంతమాత్రానికే నిప్పు పెడతానా?” అంది. “నా కొడుకూ యుద్ధంలోనే పోయాడు బాబూ. నది ఒడ్డు పోస్టులో ఉండేవాడు. తూటా తగిలి క్షణంలో పోయాడు, ఏ బాధా పడలేదు అని పటాలం నుంచి వచ్చిన మనిషి చెప్పి వెళ్ళాడు. ఈ వేషం వాడి కోసం ఒప్పుకున్నాను. దీని తర్వాత నేను మొహానికి రంగు వేసుకోను. ఇది కూడా ఇలా పోతే మా ఆయనకి మొహం చూపించలేను.”

వాళ్ళాయన ఆ సమాజంలోనే తెర పక్కన నిలబడి నటులకి మాటలందించేవాడట. కొడుకు పోయాక గడప దాటలేదు. ఇంటికి ఎవరొచ్చినా, మా వాడు బాధపడకుండా పోయాడు అని చెబుతాడట, వచ్చినవాళ్ళు అడక్కపోయినా సరే.

డిటెక్టివ్ లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. ఆవులించలేదు. మేనకోడలు అది గమనించింది.

*

షూటింగు ఊరి బయట, మూతబడిన ఇటుక బట్టీలో. కారు దిగేసరికి కాలిన వాసన ఇంకా అక్కడే ఉంది. పని ఆగిపోయి జనం చెట్టుకొకరు పుట్టకొకరుగా కూర్చున్నారు. ఎవరి మొహంలోనూ కళ లేదు. లైట్ల మనుషులు పేకాడుతున్నారు గానీ ఎవరు గెలుస్తున్నారో వాళ్ళకే పట్టినట్టు లేదు.

గేటు పేరుకే ఇనుప గేటు. నిజానికి ప్లైవుడ్డు మీద రంగు వేసి ఇనుమని నమ్మించారు. సినిమాలో ఇనుము కూడా కాలుతుందని మేనకోడలికి ఆవేళే తెలిసింది. ఆర్ట్ డైరెక్టరు కడుపు మండి ఉన్నాడు. జనరేటరు పక్కనున్న డీజిల్ డబ్బా తెచ్చి పోశారని, డబ్బా అందరికీ అందేచోటే ఉంటుందని చెప్పాడు.

డిటెక్టివ్ కాలిన నేల చుట్టూ తిరిగాడు. పోస్టు గోడలు, ఇసుక బస్తాలు, కాపలా గది పెద్దగా చెడలేదు. గేటు మాత్రం బూడిదైంది. డీజిలంతా గేటు మీదే, అదీ బయటివైపే పోశారు.

“సెట్టు మొత్తం పాడుచేయాలనుకున్నవాడు కాపలా గది మీద పోసేవాడు. అందులో పాత తాటాకు చాపలున్నాయి, గుప్పున అంటుకునేవి,” అని మేనకోడలితో మెల్లగా అన్నాడు. “వీడికి గేటొక్కటే కావాలి.”

గేటుని అంత నిజంగా ఎలా చేశారని ఆయన అడిగితే ఆర్ట్ డైరెక్టరు కోపం కాస్త చల్లారింది. పని మెచ్చుకుంటే కరగనివాడు ఉండడు. సైనికుల విషయాలు నేర్పడానికి వచ్చిన మేజర్ బొమ్మ గీసి ఇచ్చాడని చెప్పాడు. గడియ ఎటువైపు ఉండాలో, కిందిభాగంలో సొట్ట ఎక్కడుండాలో కూడా గీశాడట. తీరా గేటు పూర్తయి నిలబెట్టిన రోజున మేజర్ ఒక్కసారి చూసి వెళ్ళిపోయాడు, బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. ఆ చిన్నబుచ్చుకోవడం ఆర్ట్ డైరెక్టరుకి ఇంకా పోలేదు.

పెద్దమ్మ మీద అనుమానానికి అసలు కారణం గేటు కాదు, డమ్మీ. గేటు ముందు చచ్చిపడి ఉండాల్సిన తమ్ముడి బొమ్మ అది. తమ్ముడి వేషం వేసిన కుర్రాడి పోలికలతో, మనిషంత బరువుతో చేయించారు. మంట పెట్టకముందే ఎవరో దాన్ని అక్కణ్ణుంచి తీసి, దూరంగా నీళ్ళ తొట్టి వెనక నీడలో పడుకోబెట్టారు. నిర్మాత దాన్ని సాక్ష్యం కింద సామాన్ల డేరాలో భద్రపరిచాడు.

డిటెక్టివ్ దాని పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. బొమ్మ మొహం తడిగుడ్డతో తుడిచినట్టుంది. నుదుటిమీద వేసిన నెత్తుటి రంగు చెంపలదాకా అలికిపోయింది. బూట్ల తాళ్ళు వదులు చేసి ఉన్నాయి. మెళ్ళో ఉండే సైనికుడి పేరు బిళ్ళని చొక్కాలోంచి బయటికి తీసి గుండీకి తగిలించారు. పక్కనే నీళ్ళ గ్లాసు దొరికిందని నిర్మాత చెప్పాడు.

“ఇంకేం కావాలండీ?” అన్నాడు నిర్మాత. ఆయన నిద్రపోయి ఎన్నాళ్ళయిందో కళ్ళు చెబుతున్నాయి. “ఆవిడ సమాజంలో ఓ ఆచారం ఉంది. నాటకంలో చచ్చినవాణ్ణి ఆట అయ్యాక అలా వదిలెయ్యరు. నీళ్ళిచ్చి, సొంత పేరు పెట్టి పిలిచి లేపుతారు. లేపుడు అంటారు. ఈ యూనిట్లో ఇంకెవరికుంటుందండీ ఆ చాదస్తం? తగలబెట్టే ముందు కూడా దాన్ని లేపకుండా ఉండలేకపోయింది.”

ఆ బరువు ఆమె మోయగలదా అని మేనకోడలు అడిగింది. ఆవిడ చిటికేస్తే మోసేవాళ్ళు పదిమంది ఉన్నారని నిర్మాత అన్నాడు. అదీ నిజమే. పెద్దమ్మంటే అక్కడ లైట్లు మోసేవాళ్ళ దగ్గర్నుంచి అందరికీ ప్రాణం. డిటెక్టివ్ మేనకోడల్ని ఆ డమ్మీని లాగి చూడమన్నాడు. చంకల కింద చేతులేసి లాగితే కదిలింది, కానీ మడమలు నేలమీద రెండు గీతలు గీశాయి. గేటునుంచి తొట్టిదాకా అలాంటి గీతలేవీ లేవని ముందే చూసి వచ్చారు. ఎవరో భుజాన వేసుకుని మోశారన్నమాట.

ఆ తర్వాత ఆయన ఒక్కొక్కర్నీ పిలిచి అందరినీ ఒకే ప్రశ్న అడిగాడు. లేపుడు ఎప్పుడైనా చూశారా, ఎలా చేస్తారు? నిప్పు గురించి ఒక్క ముక్క అడగలేదు. మేనకోడలికి అర్థం కాలేదు. అయినా మావయ్య తలతిక్క పనుల్లో ఇంతకంటే పెద్దవి చూసిందిలే అనుకుని ఊరుకుంది.

దర్శకుడు చూడలేదన్నాడు. తమ్ముడి చావు తీసి, ఆ కుర్రాణ్ణి లేపిన రోజున తను కెమెరా దగ్గరున్నాడట. నిప్పు సమయంలో తను నిర్మాతతో దెబ్బలాడుతున్నానని, ఆ అరుపులు భోజనాల డేరా అంతా విందని అడక్కుండానే చెప్పాడు. చేతిముద్రల ఆలోచన ఎక్కడిదని అడిగితే కాస్త సిగ్గుపడ్డాడు. అది తన బుర్రలో పుట్టింది కాదు. ఒక సాయంత్రం మేజర్ తనకి తెలిసిన ఎవరో అధికారి కథ అంటూ చెప్పాడు. పోస్టు గేటు మూయించాక బయట చిక్కుకున్న సిపాయి ఒకడు కొట్టి కొట్టి ప్రాణం విడిచాడట. తెల్లవారి గేటు తీస్తే బయటివైపంతా చేతిముద్రలట.

తమ్ముడి వేషం కుర్రాడు లేపుడు గురించి మురిసిపోతూ చెప్పాడు. “నన్నే లేపారు కదండీ. పెద్దమ్మగారు నా పక్కన కూర్చుని, అరచేతిలో నీళ్ళు పోశారు. మొహం మాత్రం ముట్టుకోలేదు. రంగు నువ్వే కడుక్కోవాలి, ఎదుటివాళ్ళు తుడిస్తే వేషాన్ని అవమానించినట్టు అన్నారు. చెవి దగ్గర వంగి నా పేరు పెట్టి పిలిచారు. అంతే, లేచి కూర్చున్నాను. ఒళ్ళు జలదరించింది.” తర్వాత గొంతు తగ్గించాడు. “అప్పుడు పెద్దమ్మగారు, మా వాణ్ణి లేపడానికి అక్కడ ఎవరూ లేరు అని, సంచిలోంచి ఫొటో తీసి అందరికీ చూపించారు. అందరం చూశాం. మేజర్ గారు చూసి, తాగుతున్న టీ అక్కడే పెట్టేసి వెళ్ళిపోయారు. సైనికుడు కదండీ, తట్టుకోలేకపోయి ఉంటారు.”

మేజర్ మైదానం చివర చెక్క తుపాకులు తుడుస్తూ కనిపించాడు. పొడుగాటి మనిషి, నడివయసు. తలంతా నెరిసిపోయింది. నిప్పంటుకున్నప్పుడు కూడా ఇక్కడే ఒంటరిగా ఉన్నానన్నాడు. లేపుడు దూరం నుంచి చూశాడట.

“ఎలా చేస్తారు?” అన్నాడు డిటెక్టివ్.

“మొహం కడిగి, పేరు పెట్టి పిలుస్తారు.”

“మీరు ఏ వైపు పనిచేశారు?”

“చాలా చోట్ల.”

“నది వైపు కూడానా?”

మేజర్ తుడిచిన తుపాకీనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. డిటెక్టివ్ మేనకోడల్ని కారు దగ్గర ఉండమన్నాడు. ఆమె దూరంగా నిలబడి చూస్తూనే ఉంది. ఇద్దరూ నేలమీదే కూర్చున్నారు. మేజర్ ఎక్కువగా మాట్లాడాడు, మావయ్య ఎక్కువగా విన్నాడు. మధ్యలో ఒకసారి మేజర్ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏదో బతిమాలుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మావయ్య నడక మారిపోయింది. కారెక్కి, రేపు పొద్దున అందర్నీ భోజనాల డేరాలోకి పిలవమన్నాడు. కాసేపాగి, ఈసారి నువ్వు రాకపోతే బాగుంటుందన్నాడు. మేనకోడలు అలిగింది. దేనికోసం ఉద్యోగం వదులుకుందో దానికే రావొద్దంటే ఎలా? ఆయన బతిమాలలేదు, బెదిరించలేదు. నీ ఇష్టం అని కళ్ళు మూసుకున్నాడు.

*

మర్నాడు డేరాలో బల్లల చుట్టూ అందరూ చేరారు. పెద్దమ్మ ముందు వరసలో, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేజర్ గుడారం గుంజ పక్కన నిలబడ్డాడు. మేనకోడలు ఎప్పటిలాగే ద్వారం దగ్గర చోటు చూసుకుంది.

డిటెక్టివ్ నిలబడి మొదలుపెట్టాడు. పెద్దమ్మ మీద నింద మోపింది ఒక డమ్మీ, ఆమెను విడిపించేదీ ఆ డమ్మీయే అన్నాడు. సమాజంలో పెరిగినవాళ్ళు చచ్చినవాడి మొహం ముట్టుకోరు, రంగు ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి. ఆ నియమం పెద్దమ్మ నోటే తమ్ముడి వేషం కుర్రాడు విన్నాడు. డమ్మీ మొహం మాత్రం ఎవరో తుడిచారు. అంటే ఆ పని చేసినవాళ్ళకి లేపుడు సంగతి తెలుసు, కానీ సరిగా తెలీదు. దూరం నుంచి చూసి, ఆమె వంగిన తీరుని బట్టి మొహం కడుగుతోందనుకున్న మనిషి అది.

“మొహం కడుగుతారని ఈ యూనిట్లో నాతో ఒక్కరే అన్నారు,” అన్నాడు. “ఇంత బరువుని నేలకి తగలకుండా భుజాన మోయడం ఆయనకి అలవాటైన పని. బూట్ల తాళ్ళు వదులు చేయడం, తీసుకెళ్ళేవాళ్ళకి పేరు కనబడేలా బిళ్ళ బయటికి తీయడం, ఇవేవీ నాటకం వాళ్ళకీ సినిమావాళ్ళకీ తెలియవు. యుద్ధంలో తనవాళ్ళని మోసినవాళ్ళకే తెలుస్తాయి. అది బొమ్మే అని తెలిసినా మంటల్లో వదిలేసి రావడానికి ఆయనకి మనసొప్పలేదు. డీజిలు పోసిందీ, నిప్పు పెట్టిందీ మేజర్ గారే. నాతో ఒప్పుకున్నారు.”

డేరాలో గుసగుసలు లేచాయి. నిర్మాత కూర్చున్నచోటే తల పట్టుకున్నాడు. మేనకోడలి గుండె ఎప్పటిలాగే ఉప్పొంగింది. కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. మావయ్య అప్పుడే కుర్చీలో కూర్చుండిపోయాడు. ఇంకా చెప్పాల్సింది ఉన్నా చెప్పకుండా ఆపేసిన మనిషిలా నేల చూస్తున్నాడు. ఎవరు చేశారో చెప్పాడు, ఎలా చేశారో చెప్పాడు. ఎందుకు చేశారన్నది చెప్పకుండా ఆయన ఏ కేసూ ముగించినట్టు ఆమెకి గుర్తులేదు.

పెద్దమ్మకీ అదే అనిపించింది. “ఎందుకు?” అంది.

“తాగి ఉన్నాను. ఒళ్ళు తెలియలేదు,” అన్నాడు మేజర్.

“నువ్వు తాగవు. నెల్లాళ్ళుగా పక్కపక్కన కూర్చుని టీ తాగాం, నాకు తెలీదా? వేదిక మీద కారణం లేకుండా గ్లాసు కూడా కదపం మేము.” ఆమె డిటెక్టివ్ వైపు తిరిగింది. “మీరు చెప్పండి. మిమ్మల్ని పిలిచింది నేను.”

“మీ మీద నింద పోవాలన్నారు, పోయిందమ్మా. మీ వేషం మీకే ఉంటుంది. ఇక్కడితో ఆపుదాం.”

ఇంతటి మనిషి ఒకరిని బతిమాలడం మేనకోడలు ఎన్నడూ చూడలేదు. పెద్దమ్మ ఆయన్ని చూసింది. మేజర్‌ని చూసింది. డేరా బయట గేటు కాలిన చోటు వైపు చూసి, మళ్ళీ మేజర్‌ని చూసింది. ఆమె చేతులు సంచిని గట్టిగా పట్టుకున్నాయి. అప్పుడు మేనకోడలికీ అర్థమైంది. నది ఒడ్డు, మేజర్ గీసిన సొట్ట, ఫొటో చూసి వదిలేసిన టీ, అన్నీ ఒక్కసారే కళ్ళముందు నిలిచాయి. తనకి అర్థం కాకపోయి ఉంటే బాగుండేదనిపించింది.

“నాటకంలో వార్తాహరుడు నోరు తెరవకముందే తల్లికి తెలిసిపోతుంది,” అంది పెద్దమ్మ. “ఇన్నేళ్ళుగా అది నటిస్తూ వచ్చాను. ఇలా ఉంటుందని అనుకోలేదు. చెప్పు బాబూ.”

మేజర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. దర్శకుడికి చెప్పిన కథలో ఆ అధికారి తనేనన్నాడు. పోస్టులో తాగడానికి చుక్క నీరు లేక, అందరికన్నా చిన్నవాడు నదికి వెళ్ళాడు. వాడు వచ్చేలోగా శత్రువులు చుట్టుముట్టారు. తను గేటు మూయమన్నాడు. లోపలివాళ్ళు బతికారు. ఫొటో చూసేదాకా ఆ చిన్నవాడి తల్లి ఈమేనని తెలియదు. తెలిశాక, ఆ గేటు ముందు, ఆ చేతిముద్రల మీద చెయ్యి పెట్టి ఆమె ఏడుస్తుంటే కెమెరా తిరగడం తను చూడలేననుకున్నాడు. ఎవరితోనూ చెప్పుకోలేక గేటు కాల్చేశాడు. ఆ నేరం ఆమె మీదకి పోతుందని అనుకోలేదు. పోయాక ఒప్పుకోవాలనుకున్నాడు, ఒప్పుకుంటే ఎందుకని అడుగుతారని భయపడ్డాడు.

“క్షణంలో పోయాడన్నారు మాతో,” అంది పెద్దమ్మ.

“అలా చెప్పమని పంపింది నేనేనమ్మా.”

“వాడు ఏమని పిలిచాడు?”

మేజర్ చేతిలోని టోపీ వైపు చూస్తూ చెప్పాడు. “నన్ను అన్నా అనేవాడు. అన్నా, నేనే, అన్నాడు. చాలాసేపు అన్నాడు.”

తమ్ముడి వేషం కుర్రాడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఇన్నాళ్ళూ ఈ ఘట్టం కోసం ఎదురుచూసినందుకు మేనకోడలికి తన మీద తనకే అసహ్యం వేసింది. మావయ్య ఆవులింతల వెనకున్న అలసట ఏమిటో ఇప్పుడు కొంచెం తెలిసింది.

దర్శకుడు లేచి తడబడుతూ ఆ సీను తీసేస్తానన్నాడు, సినిమాయే ఆపేస్తానన్నాడు. పెద్దమ్మ వద్దంది.

“మళ్ళీ గేటు చేయించు నాయనా, నేను చేస్తాను. నాకు రాసిన ఏడుపు మాటలన్నీ మాత్రం కొట్టెయ్. ఏ తల్లీ అక్కడ అన్ని మాటలు మాట్లాడదు.”

పోలీసుల మాట ఎత్తబోయిన నిర్మాతని చెయ్యెత్తి ఆపింది. అది ఆయనా మేజరూ తర్వాత చూసుకోవచ్చని, ముందు మేజర్ తనతో రావాలని అంది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

డిటెక్టివ్ కారు తాళాలు మేనకోడలి చేతికిచ్చాడు. తను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుంది, మేజర్ వెనక కూర్చున్నాడు. ఊళ్ళోకి వచ్చేదాకా పెద్దమ్మ దారి చెప్పడం తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. కుడికి తిప్పమ్మా అనేది, నెమ్మదిగా అనేది. ఆ గొంతులో ఏ మార్పూ లేకపోవడం మేనకోడలిని ఏడుపుకంటే ఎక్కువ భయపెట్టింది.

ఇల్లు రెండు గదుల చిన్న మేడ. వీధివైపు కిటికీలోంచి ఒక ముసలాయన కారుని చూస్తున్నాడు. పెద్దమ్మ దిగింది. మేజర్ దిగలేదు. సీటు అంచు పట్టుకుని కూర్చున్నాడు.

“వాడి నాన్నకి నువ్వే చెప్పాలి,” అంది ఆమె కారు తలుపు పట్టుకుని. “నేను చెబితే నటిస్తున్నాననుకుంటాడు. పెళ్ళయినప్పట్నుంచీ నా ఏడుపులన్నీ ఆయన పక్కనుండి చూసినవే.”

మేజర్ దిగాడు. ఇద్దరూ గుమ్మం దాకా నడిచారు. ఎవరొచ్చారు అని లోపల్నుంచి ముసలాయన అడిగాడు.

మేజర్ తన పేరు చెప్పాడు.